సంతకం, జీతం, రికార్డు, ఆస్తి: రాజ్యం మారే వేళ పాలనా యంత్రాంగాన్ని సంస్కరించడం ఎలా

కమ్యూనిస్టు పాలన నుంచి అప్పుడే బయటపడిన పోలండ్‌లో స్థానిక ప్రభుత్వాల చట్టం 1990 మార్చి 8న ఆమోదం పొందింది. కొత్త కౌన్సిళ్లకు ఎన్నికలు మే 27న జరిగాయి. మధ్యలో ఉన్నవి 80 రోజులు. ఆ వ్యవధిలో దాదాపు 2,400 గ్మీనాలు, అంటే మన మండలం కంటే చిన్నవైన స్థానిక యూనిట్లు, వార్సా నుంచి వచ్చే ఆదేశాలను అమలుచేసే కార్యాలయాల స్థాయి నుంచి సొంత బడ్జెట్, సొంత ఆస్తి, సొంత ఉద్యోగులు ఉన్న ప్రభుత్వాల స్థాయికి వచ్చాయి. చట్టం వచ్చేనాటికి దేశం ద్రవ్యోల్బణంతో సతమతమవుతోంది. ధరల మీద నియంత్రణ ఎత్తేసిన బల్ట్‌సెరోవిచ్ ఆర్థిక ప్రణాళిక అమల్లోకి వచ్చి మూడు నెలలు కూడా నిండలేదు. అయినా పని జరిగింది.

అలా జరగడానికి కారణం, ఆ సంస్కరణను నడిపిన బృందం అధికారం ఎక్కడ ఉంటుందో సరిగ్గా గుర్తించింది. ఏ కార్యాలయంలోనైనా అధికారం నాలుగు చోట్ల ఉంటుంది. ఎవరి సంతకంతో డబ్బు కదులుతుంది? జీతం ఎవరిస్తారు? రికార్డు ఎవరి బీరువాలో ఉంది? భూమి, భవనం ఎవరి పేరున ఉన్నాయి? ఈ నాలుగూ చేతులు మారితేనే సంస్కరణ జరిగినట్టు. మారకపోతే మంత్రిత్వ శాఖల బోర్డులకు రంగు వేసినట్టే. కొత్త ప్రభుత్వంలో సంస్కరణల బాధ్యత చూసేవాళ్లకు, వాళ్లకు సలహాలిచ్చేవాళ్లకు, ఈ సబ్జెక్టు చదువుకునేవాళ్లకు ఉపయోగపడాలని పోలండ్, ఎస్టోనియా, జార్జియా అనుభవాలను ప్రధానంగా తీసుకుని ఈ క్రమాన్ని వివరిస్తున్నాం.

మొదటి వారం: ముందు బీరువాకు తాళం

పాత పాలకులు ఓడిపోయారని తెలిసిన రాత్రే కాగితాలు మాయమవడం మొదలవుతుంది. తూర్పు జర్మనీలో 1989 డిసెంబరు 4న ఎర్ఫుర్ట్ పౌరులు రహస్య పోలీసు విభాగం స్టాజీ కార్యాలయాన్ని ఆక్రమించింది ఇందుకే. లోపల ఫైళ్లు తగలబెడుతున్నారని వాళ్లకు అర్థమైంది. బెర్లిన్‌లోని ప్రధాన కార్యాలయంలోకి జనం వెళ్లింది 1990 జనవరి 15న. ఆలోగా చింపేసిన కాగితాలే దాదాపు 16 వేల సంచులు తేలాయి. ఆ ముక్కలు అతికించే పని దశాబ్దాలు దాటినా తెమల్లేదు.

కాబట్టి ప్రమాణ స్వీకారం రోజునే ప్రతి శాఖకూ ఒక పేజీ ఆదేశం వెళ్లాలి. అందులో నాలుగు విషయాలే ఉండాలి. ఇవాళ్టి తేదీ తర్వాత ఏ రికార్డునూ నాశనం చేయకూడదు. గత ఆరు నెలల ఇన్వర్డ్, ఔట్‌వర్డ్ రిజిస్టర్లలో చివరి నమోదు కింద గీత కొట్టి, ఇద్దరు సంతకాలు పెట్టాలి. గీత లేకపోతే పాత తేదీలతో కొత్త ఉత్తర్వులు పుట్టుకొస్తాయి. పాలన మారేటప్పుడు తరచూ జరిగే మోసం ఇది. మూడోది, కార్యాలయ ముద్రలు, రబ్బరు స్టాంపులు, ఖాళీ చెక్కు పుస్తకాలు లెక్కపెట్టి సీలు వేయాలి. నాలుగోది, ఖజానాలో, బ్యాంకులో సంతకం చెల్లే అధికారుల జాబితాను కొత్తగా పంపాలి. అందులో లేని సంతకం మర్నాటి నుంచి చెల్లదు.

ఇది తెలుగువాళ్లకు దూరపు విషయమేమీ కాదు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో కరణం, మునసబు వంటి గ్రామాధికారుల పదవులు రద్దు చేసింది. 1985లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. పల్లెల్లో వంశపారంపర్య పెత్తనాన్ని తీసేయడం అవసరమే. కానీ ఊరి లెక్కలు, పటాలు ఏళ్ల తరబడి కరణం ఇంట్లోనే ఉండేవి. పదవి పోయిన మనిషి దగ్గర్నుంచి రికార్డు తీసుకోవడం, పదవిలో ఉన్న మనిషి దగ్గర తీసుకోవడం కంటే ఎన్నో రెట్లు కష్టం. అందుకే ఛార్జి అప్పగింత పంచనామా పూర్తయ్యాకే రద్దు అమల్లోకి వచ్చేలా తేదీ పెట్టుకోవాలి. కనీసం రెండూ ఒకే రోజున పడాలి.

జీతాల పట్టీని పట్టుకోండి

ఎంతమంది ఉద్యోగులున్నారో తెలియకుండా ఎంతమందిని తగ్గించాలన్న చర్చ మొదలుపెట్టడం చాలా ప్రభుత్వాలు చేసే తప్పు. ముందు మూడు జాబితాలు తెప్పించండి. ఆర్థిక శాఖ దగ్గర మంజూరైన పోస్టుల జాబితా ఉంటుంది. ఖజానా దగ్గర జీతాల బిల్లు ఉంటుంది. కార్యాలయంలో హాజరు పట్టీ ఉంటుంది. మూడూ ఒకదానితో ఒకటి కలవవు. కలవని చోటే పని ఉంది.

పోస్టు నంబరు, పేరు, పుట్టిన తేదీ, గుర్తింపు సంఖ్య, చేరిన తేదీ, బ్యాంకు ఖాతా అనే ఆరు గళ్లతో ఒక వరుస తయారుచేస్తే, సగం అక్రమాలు కంప్యూటరు ముందు కూర్చునే బయటపడతాయి. ఇద్దరు మనుషులకు ఒకే ఖాతా ఉంటుంది. ఒకే పుట్టిన తేదీ పది మందికి ఉంటుంది. పదవీ విరమణ వయసు దాటిన పేరు ఇంకా బిల్లులో నడుస్తుంటుంది. మిగతా సగం కోసం మనిషిని చూడాలి. వెయ్యి మంది ఉన్న కార్యాలయానికి ఇద్దరేసి ఉన్న పది బృందాలు పెట్టండి. ఒక్కో బృందం రోజుకు యాభై మందిని చూస్తే రెండు రోజుల్లో అయిపోతుంది. సెలవుల్లో ఉన్నవాళ్లకోసం మూడో రోజు ఉంచండి. బృందంలో ఇద్దరూ వేరే శాఖవాళ్లు కావాలి, వేరే జిల్లా వాళ్లయితే ఇంకా మంచిది. తనిఖీ అన్ని కార్యాలయాల్లో ఒకే రోజు మొదలవ్వాలి. లేకపోతే సోమవారం ఒక ఆఫీసులో కనబడిన మనిషే బుధవారం ఇంకో పేరుతో ఇంకో ఆఫీసులో కనబడతాడు.

ఇక్కడ చెడేది ఎక్కడంటే, తేడా కనబడగానే జీతం ఆపేస్తారు. ప్రసూతి సెలవులో ఉన్న నర్సు, డిప్యుటేషన్ మీద ఉన్న ఉపాధ్యాయుడు, పేరులో ఒక అక్షరం తప్పు పడిన స్వీపరు ముందు నష్టపోతారు. అసలు దొంగ మాత్రం అన్ని కాగితాలూ సిద్ధంగా పెట్టుకుని ఉంటాడు. అందుకే 30 రోజుల నోటీసు, అప్పీలుకు ఒక బల్ల, ఒక అధికారి పేరు తప్పనిసరి. ఈ లెక్కింపుకీ ఉద్యోగాల కోతకీ మధ్య కనీసం ఆరు నెలల ఎడం ఉంచండి. రెండూ ఒకటేనని ఉద్యోగులు అనుకుంటే నిజమైన సమాచారం ఒక్కటీ చేతికి రాదు.

కోత తప్పనిసరైతే స్వచ్ఛంద విరమణ ప్యాకేజీని అందరికీ తెరిచిపెట్టకండి. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ప్రభుత్వం పోయాక 1996 నుంచి ఇలాంటి ప్యాకేజీ ఇచ్చారు. బయట ఉద్యోగం దొరుకుతుందన్న ధైర్యం ఉన్నవాళ్లే ముందు వెళ్లిపోయారు. అనుభవం ఉన్న ఉపాధ్యాయులు, నిపుణులు పోయి, వాళ్ల చోట మళ్లీ మనుషులను వెతుక్కోవాల్సి వచ్చింది. ఏ పోస్టు రద్దవుతుందో ముందు తేల్చి, ఆ పోస్టులో ఉన్నవాళ్లకే ప్యాకేజీ ఇవ్వాలి.

ఎవర్ని తీసేయాలి, ఎవర్ని ఉంచాలి

దీని మీద ఉద్వేగాలు ఎక్కువ. పాత పాలనలో బాధపడ్డవాళ్లకు న్యాయం కావాలి, ఆ కోరిక సరైనదే. అయితే ఆ న్యాయం ఏ పద్ధతిలో జరిగిందన్న దాన్ని బట్టి దేశాల దారులు మారిపోయాయి.

ఇరాక్‌లో సద్దాం హుస్సేన్ కూలాక, అక్కడ అమెరికా నియమించిన పాలనాధికారి పాల్ బ్రెమర్ 2003 మే 16న ఇచ్చిన మొదటి ఉత్తర్వు, సద్దాం నడిపిన బాత్ పార్టీలో పై నాలుగు అంచెల సభ్యులందరినీ ప్రభుత్వ ఉద్యోగాల నుంచి బహిష్కరించింది. వారం తిరిగేసరికి మే 23న రెండో ఉత్తర్వు సైన్యాన్ని రద్దు చేసింది. ఉద్యోగం కోసమే పార్టీలో చేరిన ఉపాధ్యాయులు, వైద్యులు, ఇంజనీర్లు కూడా వీధిన పడ్డారు. నీళ్లు, కరెంటు, ఆసుపత్రులు నడపాల్సిన మనుషులు లేకుండా పోయారు. ఆయుధం పట్టడం తెలిసిన లక్షల మందికి జీతం లేకుండా పోయింది. ఆ దేశం దానికి చెల్లించిన మూల్యం అందరికీ తెలుసు.

చెకోస్లొవాకియా 1991 అక్టోబరులో చేసిన చట్టం వేరే దారి పట్టింది. అది మనుషుల జాబితా ఇవ్వలేదు, పదవుల జాబితా ఇచ్చింది. ఫలానా పదవుల్లో ఉండాలంటే రహస్య పోలీసులతో సంబంధం లేదని ధ్రువపత్రం తేవాలి. ఎస్టోనియా అంతకంటే తేలికైన పద్ధతి ఎంచుకుంది. సోవియట్ యూనియన్ వంటి ఆక్రమణదారుల భద్రతా సంస్థల్లో పనిచేయలేదని పదవి చేపట్టేవారు ప్రమాణం చేయాలి. అబద్ధమని తేలితే కోర్టు చూసుకుంటుంది. ఈ రెండిట్లోనూ మెచ్చుకోదగింది ఒకటే. గుమాస్తా జోలికి పోలేదు, నిర్ణయాలు తీసుకునే కుర్చీల దగ్గరే జల్లెడ పట్టారు. మీరు చట్టం రాస్తుంటే పదవుల జాబితా చిన్నదిగా ఉంచండి, ప్రతి కేసూ విడిగా విచారించండి, కోర్టుకు వెళ్లే హక్కు ఇవ్వండి, చట్టానికి గడువు పెట్టండి. చెకోస్లొవాకియా చట్టాన్ని మొదట ఐదేళ్లకే చేశారు. ఆ దేశం విడిపోయాక చెక్ దేశం దాన్ని పొడిగిస్తూ పోయి చివరికి గడువే తీసేసింది. ఆ పొరపాటు చేయకండి.

ఒక విభాగాన్ని మొత్తంగా రద్దు చేసి మళ్లీ కట్టడం కూడా ఒక మార్గమే, కానీ అది అన్నిచోట్లా పనిచేయదు. జార్జియాలో 2003 నవంబరు గులాబీ విప్లవం తర్వాత వచ్చిన సాకాష్‌విలి ప్రభుత్వం 2004 వేసవిలో ట్రాఫిక్ పోలీసు విభాగాన్ని పూర్తిగా ఎత్తేసింది. దాదాపు 15 వేల మంది ఒక్కసారిగా ఇంటికి వెళ్లారు. వెంటనే కొత్త గస్తీ పోలీసు విభాగం రోడ్డెక్కింది. సంఖ్య చాలా తక్కువ, జీతం అనేక రెట్లు ఎక్కువ, ఎంపిక పోటీ ద్వారా. ఇది పనిచేయడానికి మూడు పరిస్థితులు కలిసొచ్చాయి. పాత విభాగం చేసే ముఖ్యమైన పని మామూళ్లు వసూలు చేయడమే కాబట్టి, అది లేకపోతే జనానికి నష్టమేమీ కలగలేదు. లంచం డబ్బు కింది నుంచి పైదాకా వాటాలుగా పోయేది కాబట్టి కొందరిని తీసి లాభం లేదు, మొత్తం గొలుసు తెంచాలి. పైగా కొత్తవాళ్ల జీతానికి డబ్బు సిద్ధంగా ఉంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ప్రయోగం చేయవద్దు. ఖజానా, నీటి సరఫరా, విద్యుత్తు, సర్వే విభాగాల్లో అసలు చేయవద్దు. అక్కడ ఇరవై ఏళ్ల గుమాస్తా తలలో ఉన్నది ఏ మాన్యువల్లోనూ ఉండదు.

ఖాళీ అయిన చోట్లలోకి బయటి నుంచి మనుషులను తెచ్చేటప్పుడు మన హైదరాబాద్ అనుభవం గుర్తుంచుకోవాలి. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసి జె.ఎన్. చౌదరి సైనిక గవర్నరుగా వచ్చాక, మద్రాసు, బొంబాయి, మధ్య పరగణాల నుంచి అధికారులు వచ్చారు. ఉర్దూలో నడిచిన కార్యాలయాల భాషా మారింది. మరో పక్క 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు వంటి భారీ మార్పు నడుస్తోంది, పనికి మనుషులు కావాలి. కానీ తాత్కాలికంగా వచ్చినవాళ్లు ఎప్పుడు వెళ్తారో ఎవరూ చెప్పలేదు. స్థానిక యువకులకు తర్ఫీదు ఇచ్చే ప్రణాళిక లేదు. తప్పుడు ముల్కీ (స్థానికత) ధ్రువపత్రాలతో ఉద్యోగాలు పోతున్నాయన్న కోపం 1952లో వరంగల్ నుంచి హైదరాబాద్ దాకా ఉద్యమమైంది, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. డిప్యుటేషన్ ఉత్తర్వులోనే తిరిగి వెళ్లే తేదీ రాయండి. వచ్చిన ప్రతి అధికారి పక్కన ఒక స్థానిక అధికారిని కూర్చోబెట్టి, పని ఎప్పటికి అప్పగించాలో అదే ఉత్తర్వులో పెట్టండి.

జీతం పెంచడం: ఎక్కడ మొదలుపెట్టాలి

అందరికీ పది శాతం పెంచితే ఖజానా ఖాళీ అవుతుంది, లంచం తగ్గదు. తక్కువమందికి బతకడానికి సరిపడేంత పెంచి, అదే సమయంలో పట్టుబడితే ఉద్యోగం పోతుందన్న భయం కల్పిస్తేనే ఫలితం ఉంటుంది. జార్జియా ప్రభుత్వం 2004లో యూఎన్‌డీపీ (ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం), ఓపెన్ సొసైటీ అనే దాతృత్వ సంస్థల తోడ్పాటుతో నిధి పెట్టి, బడ్జెట్టు కుదుటపడేదాకా పై స్థాయి అధికారులకు అదనపు జీతం ఇచ్చింది. బయటి డబ్బు తీసుకోవడం తప్పు కాదు, కానీ ఆఖరి తేదీ ముందే ఉండాలి. ఆ తర్వాత ఆ మొత్తం బడ్జెట్లో ఏ పద్దు కింద వస్తుందో కూడా ముందే ఉండాలి.

దాతలు తరచూ మంత్రిత్వ శాఖ పక్కనే ‘ప్రాజెక్టు యూనిట్’ ఒకటి పెట్టి, శాఖలో ఉన్న చురుకైన అధికారులను మూడు రెట్ల జీతంతో అందులోకి లాక్కుంటారు. రెండేళ్లకు ప్రాజెక్టు ముగుస్తుంది. యూనిట్‌లో ఉన్నవాళ్లు ఏ అంతర్జాతీయ సంస్థకో పోతారు. శాఖ ముందుకంటే బలహీనమవుతుంది. దీన్ని ఒప్పందం మీద సంతకం పెట్టే రోజునే ఆపాలి. ప్రాజెక్టు పోస్టులన్నీ శాఖ క్యాడర్‌లోనే ఉండాలని పట్టుబట్టండి.

కిందికి అధికారం: పోలండ్ ఏం చేసింది

ఈ విషయం మీద ఎక్కువసేపు ఆగాలి. పాలనా సంస్కరణల్లో తిరిగి వెనక్కి తీసుకోలేనంత లోతుగా పాతుకున్నది ఇదే.

ఆ సంస్కరణకు సారథి యెజీ రెగుల్స్కీ. కేంద్రీకృత రాజ్యంలో ఐదు గుత్తాధిపత్యాలు ఉంటాయని, వాటిని ఒక్కసారే బద్దలుకొట్టాలని ఆయన చెప్పేవారు. ఒకే పార్టీ రాజకీయం, పై నుంచి కిందికి ఒకే అధికార శ్రేణి, ఒకే ప్రభుత్వ ఆస్తి, ఒకే ఖజానా, ఒకే ఉద్యోగ వ్యవస్థ. ఎన్నికలు పెట్టి ఆస్తి ఇవ్వకపోతే కౌన్సిల్ మాటల కచేరీ అవుతుంది. ఆస్తి ఇచ్చి ఉద్యోగులను ఇవ్వకపోతే ఆ ఆస్తిని పాత యజమానే నడుపుతాడు. మన 73వ, 74వ రాజ్యాంగ సవరణల తర్వాత పంచాయతీలకు, మున్సిపాలిటీలకు ఎన్నికలు వచ్చి నిధులు, ఉద్యోగులు అదే స్థాయిలో రాకపోవడం చూసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆస్తి విషయంలో వాళ్లు చేసిన ఏర్పాటును ప్రతి సంస్కర్తా చదవాలి. 1990 మే 10 నాటి చట్టం ప్రకారం, గ్మీనా అవసరాలకు వాడుతున్న ప్రభుత్వ ఆస్తి మే 27న చట్టరీత్యా గ్మీనాదే అయిపోయింది. ఒక్కో భవనానికి ఒక్కో ఉత్తర్వు కోసం ఎదురుచూడలేదు. తర్వాత గ్మీనాలు తమ ఆస్తుల జాబితాలు తయారుచేసి పంపితే, ప్రాంతీయ గవర్నరు వాటిని ధ్రువీకరిస్తూ పోయాడు. ఆ కాగితం పనికి ఏళ్లు పట్టింది. హక్కు ముందు, పత్రం తర్వాత. ఇదే తిరగేసి ఉంటే, ఒక్కో పత్రం మీద ఒక్కో శాఖ అభ్యంతరం చెప్పి పదేళ్లు గడిపేసేది.

ఉద్యోగుల్లో దాదాపు లక్ష మంది కేంద్ర ప్రభుత్వ పట్టీ నుంచి గ్మీనాల పట్టీకి మారారు. కుర్చీ, బల్ల అవే ఉన్నా జీతం ఇచ్చే చేయి మారింది. కొత్తగా ఎన్నికైన కౌన్సిలర్లకు బడ్జెట్టు అంటే ఏమిటో, టెండరు అంటే ఏమిటో నేర్పడానికి రెగుల్స్కీ, ఆయన సహచరులు 1989లోనే స్థానిక ప్రజాస్వామ్యానికి తోడ్పడే ఫౌండేషన్ ఒకటి పెట్టి శిక్షణ కేంద్రాలు తెరిచారు. ఎన్నికల తర్వాత మొదలుపెట్టే శిక్షణ ఆలస్యమైనట్టే.

పర్యవేక్షణలో గీత ఎక్కడ గీశారో గమనించండి. గవర్నరు గ్మీనా నిర్ణయం చట్టబద్ధమా కాదా అన్నది మాత్రమే చూడగలడు, అది మంచి నిర్ణయమా కాదా అన్నది అతని పని కాదు. వివాదం వస్తే పాలనా కోర్టుకు వెళ్తుంది. లెక్కల తనిఖీకి 1992 చట్టంతో ప్రాంతీయ ఆడిట్ మండళ్లు విడిగా పెట్టారు. ‘ప్రజాప్రయోజనాల దృష్ట్యా’ కౌన్సిల్‌ను రద్దు చేయవచ్చన్న ఒక్క వాక్యం మీ చట్టంలో దూరితే ఈ ఏర్పాటంతా వృథా.

బాధ్యతలను మాత్రం విడతలుగా ఇచ్చారు. ప్రాథమిక పాఠశాలలు తీసుకోవడానికి ముందు ఇష్టమైన గ్మీనాలకే అవకాశం ఇచ్చి, 1996 జనవరి నుంచి అందరికీ తప్పనిసరి చేశారు. ముందు తీసుకున్నవాళ్ల తప్పులు చూసి మిగతావాళ్లు నేర్చుకున్నారు. బాధ్యతతో పాటు డబ్బు ఏ సూత్రం ప్రకారం వస్తుందో చట్టంలో రాయకపోతే ఎవరూ ముందుకు రాకండని గ్మీనాలకే సలహా ఇవ్వాలి.

రెండో దశ వచ్చింది 1999 జనవరి 1న. మిహావ్ కులేషా ఆధ్వర్యంలో 49 ప్రాంతాలను 16కి కుదించి, మధ్యలో 308 పోవియాట్లు, అంటే జిల్లాలు, పెట్టారు. ఎనిమిదేళ్లకు పైగా ఆలస్యం ఎందుకంటే 1993లో ప్రభుత్వం మారింది, కొత్త ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. మొదటి దశను 80 రోజుల్లో ముగించకపోయి ఉంటే దానికీ అదే గతి పట్టేదేమో. ఇక 1999లో చేసిన తప్పు, అదే ఏడాది ఆరోగ్య బీమా, పింఛన్లు, విద్య కూడా ఒకేసారి మార్చడం. సామాజిక బీమా సంస్థ కంప్యూటర్ వ్యవస్థ సిద్ధం కాకుండానే పింఛను చందాల లెక్క మొదలై, డబ్బు చేరాల్సిన ఖాతాలకు సమయానికి చేరలేదు. ఆరోగ్య బీమా కోసం కొత్తగా పెట్టిన నిధి సంస్థలను 2003లో రద్దు చేయాల్సి వచ్చింది. ఒక ఏడాదిలో ఖజానా, కంప్యూటర్ విభాగం ఎన్ని మార్పులు మోయగలవో వాళ్లనే ముందు అడగండి. మంత్రులు చెప్పే సంఖ్య ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది.

యూనిట్లు మరీ చిన్నవైతే కలపాలి. ఉక్రెయిన్ 2015లో స్వచ్ఛంద విలీనంతో మొదలుపెట్టింది. కలిసినవాళ్లకు వ్యక్తిగత ఆదాయపు పన్నులో 60 శాతం వాటా దక్కింది. 2020లో మిగిలినవాటిని చట్టంతో కలిపి, పదివేలకు పైగా ఉన్న కౌన్సిళ్ల స్థానంలో 1,469 సముదాయాలు నిలబెట్టింది. ఎస్టోనియా కూడా 2017లో 5,000 జనాభా కనిష్ఠంగా పెట్టి 213 స్థానిక సంస్థలను 79కి తెచ్చింది. రెండుచోట్లా ముందు ప్రోత్సాహకం, తర్వాత గడువు, ఆఖరున నిర్బంధం. ఈ వరుస తప్పితే కోర్టు కేసులే మిగులుతాయి.

కాగితం తగ్గించి, ఆ తర్వాతే కంప్యూటర్

ఒక ధ్రువపత్రం తీసుకోండి. అది రావడానికి ఎన్ని బల్లలు దాటుతుందో, ఏ బల్ల దగ్గర ఎన్ని రోజులు ఆగుతుందో, ఎక్కడ చేతులు తడపాలో కాగితం మీద గీయండి. ప్రతి బల్ల దగ్గరా ‘ఇక్కడ ఎవరైనా ఏదైనా నిర్ణయిస్తున్నారా, లేక సంతకం పెట్టి పంపుతున్నారా?’ అని అడగండి. నిర్ణయం లేని సంతకాలన్నీ తీసేయండి. జార్జియా 2005లో దాదాపు 900 రకాల లైసెన్సులు, అనుమతులను 160 లోపుకి తెచ్చింది. 21 పన్నులను 7 చేసింది. గడువులోగా జవాబు రాకపోతే అనుమతి వచ్చినట్టేనని చట్టంలో రాసింది. ఆ ఒక్క నిబంధన ఫైలు తొక్కిపట్టి డబ్బులడిగే పద్ధతి మీద గట్టి దెబ్బ. అయితే అగ్నిమాపక, మందులు, ప్రమాదకర రసాయనాల అనుమతులకు దాన్ని వర్తింపజేయకూడదు.

అన్ని సేవలూ ఒకే కప్పు కింద ఇచ్చే హాళ్లను జార్జియా 2011లో మొదలుపెట్టింది, అంటే నిబంధనలు తగ్గించిన ఆరేళ్లకు. హైదరాబాద్‌లో 1999 చివర ట్విన్స్‌గా పుట్టి 2001లో ఈ-సేవగా విస్తరించిన కేంద్రాలు కరెంటు బిల్లు వరుసలను తగ్గించాయి. బిల్లు కట్టడానికి వెనక కార్యాలయంలో ఎవరి నిర్ణయమూ అక్కర్లేదు కాబట్టి అది తేలికైంది. కులం, ఆదాయం, భూమి పత్రాలకు వెనక తహసీల్దారు కార్యాలయం నిర్ణయం కావాలి. ముందు కౌంటరు ఎంత మెరిసినా అక్కడ ఆగిన ఫైలు ఆగినట్టే ఉంటుంది.

ఎస్టోనియా వెనక భాగాన్ని సరిచేసింది. ప్రతి మనిషికీ ఒకే గుర్తింపు సంఖ్య. 2001 డిసెంబరులో ఎక్స్-రోడ్ అనే మార్గం ద్వారా శాఖల డేటాబేస్‌లు ఒకదాన్నొకటి అడిగి తెలుసుకోవడం మొదలైంది. 2002 జనవరిలో గుర్తింపు కార్డులు వచ్చాయి. అసలు బలం మాత్రం చట్టంలో ఉంది. ఒకే సమాచారం కోసం రెండో డేటాబేస్ పెట్టడాన్ని నిషేధించారు. అంటే పుట్టిన తేదీ జనాభా రిజిస్టరులోనే ఉంటుంది, మిగతా శాఖలన్నీ అక్కడ అడగాల్సిందే. రికార్డు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నకు ఇంత స్పష్టంగా జవాబిచ్చిన దేశాలు తక్కువ. కాపీ కొట్టాలనుకుంటే సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఆ నిబంధన కాపీ కొట్టండి.

కట్టినదాన్ని కాపాడటం

ఉద్యోగ వ్యవస్థకు రక్షణ చట్టం త్వరగా కావాలి, కానీ చట్టం ఉన్నంత మాత్రాన సరిపోదు. చెక్ దేశం 2002లో సివిల్ సర్వీసు చట్టం చేసి, అమలును వాయిదా వేస్తూ పోయింది. చివరికి వేరే చట్టం చేశాక, 2015లో గానీ అది పట్టాలెక్కలేదు. స్లొవేకియా, పోలండ్ రెండూ 2006లో తమ సివిల్ సర్వీసు కార్యాలయాలను రద్దు చేశాయి. 2004 మే 1న ఐరోపా సమాఖ్యలో చేరిపోయాక బయటి ఒత్తిడి తగ్గిందని ఇది చెబుతోంది. బయటి షరతు కోసం చేసిన చట్టం ఆ షరతుతోనే వెళ్లిపోతుంది.

చట్టంలో మూడు నిబంధనలు గట్టిగా ఉంటే మిగతావి తర్వాత చూసుకోవచ్చు. చేరిక పోటీ పరీక్ష ద్వారానే జరగాలి, ఫలితాలు మార్కులతో సహా బయట పెట్టాలి. కారణం రాయకుండా ఎవర్నీ తీసేయకూడదు, తీసేస్తే అప్పీలు ఉండాలి. మంత్రి ఇష్టంతో నియమించగల పదవుల సంఖ్యను చట్టమే చెప్పాలి. హంగరీ 2010లో కారణం చెప్పకుండా తొలగించే వీలు కల్పిస్తే, మర్నాడే వెళ్లగొడతారన్న భయంతో ఫైలు మీద నిజాయితీగా అభిప్రాయం రాసేవాళ్లు తగ్గుతారని ఆందోళన రేగింది. 2011లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టేసింది.

వేగంగా సంస్కరించేవాళ్లకు ఒక హెచ్చరిక జార్జియా నుంచే ఉంది. లంచాలు తగ్గించిన అదే ప్రభుత్వ హయాంలో జైళ్లు కిక్కిరిశాయి. 2012 సెప్టెంబరులో ఖైదీలను హింసిస్తున్న దృశ్యాలు బయటికొచ్చాయి. అక్టోబరు ఎన్నికల్లో ప్రభుత్వం ఓడింది. కోర్టుల స్వతంత్రత, జైళ్ల తనిఖీ, ఆడిట్ ఇవన్నీ ‘తర్వాత చూద్దాం’ అన్న జాబితాలో ఉండిపోయాయి. పాలన ఎంత చురుగ్గా ఉంటే దాన్ని ఆపగల సంస్థ అంత త్వరగా కావాలి. పోలీసు సంస్కరణ ఉత్తర్వు, స్వతంత్ర తనిఖీ సంస్థ ఉత్తర్వు ఒకే రోజు జారీ చేయండి.

ఆరు నెలల తర్వాత పని ఎంతవరకు వచ్చిందో చూడాలంటే రాజధానిలో నివేదికలు చదవకండి. చెప్పకుండా ఒక మారుమూల కార్యాలయానికి వెళ్లండి. పోయిన నెల ఖర్చు బిల్లు మీద ఎవరి సంతకం ఉందో చూడండి. అటెండరును జీతం ఏ ఖాతా నుంచి వస్తోందో అడగండి. ఆ కార్యాలయం ఉన్న భవనం హక్కు పత్రం చూపించమనండి. చివరగా, బయట నిలబడ్డ మనిషి కోరిన రికార్డు వెతికి ఇవ్వమని చెప్పి, గడియారం చూసుకుంటూ పక్కనే కూర్చోండి.